ఇంకో మెష్ డబ్బా కొనే ముందు గోడలోని పైపు చూడండి

మా ఇల్లు విజయవాడలో. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు హాల్లో టీవీ పక్కన ఫైబర్ మోడెం బిగించి వెళ్లిపోయారు. నేను ఆఫీసు పని చేసుకునేది పై గదిలో. రెండు డబ్బాల మెష్ సెట్ (గదికొకటిగా పెట్టిన డబ్బాలన్నీ కలిసి ఒకే వైఫై ఇచ్చేది) తెచ్చి ఒకటి హాల్లో, ఒకటి పైన పెట్టాను. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో పైకి వచ్చేది 40. మీటింగ్‌లో నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందన్నారు. సరే అని ఇంకో డబ్బా కొని మెట్ల మలుపులో పెట్టాను. ఆ 40 కాస్తా 25 అయింది.

ఆ గీతలు చెప్పేది ఫోన్‌కీ పై డబ్బాకీ మధ్య సంగతి. పై డబ్బాకీ కింది డబ్బాకీ మధ్య ఏం నడుస్తోందో అవి చెప్పవు. ఈ రెండో లంకెను బ్యాక్‌హాల్ అంటారు, అసలు తంటా అంతా అక్కడే. రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) మెష్‌లో మామూలుగా ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియో కింది నుంచి డేటా అందుకోవాలి, మళ్లీ అదే మీ ఫోన్‌కి అందించాలి. వడ్డించే మనిషే మధ్యమధ్యలో వంటింట్లోకి పరుగెత్తి గిన్నె నింపుకొచ్చినట్టు. వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మధ్యలో ఇంకో డబ్బా చేరితే ఇంకోసారి కోత. దానికి తోడు మన ఇళ్లలో లోపల ఇనుప చువ్వలున్న ఆర్‌సీసీ స్లాబు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. బ్యాక్‌హాల్ కోసం విడిగా రేడియో ఉన్న మూడు బ్యాండ్ల మెష్ అయితే కొంత నయమే. కానీ స్లాబు మాత్రం ఎక్కడికీ పోదు కదా.

ఆ డబ్బాల మధ్య ఒక్క వైరు వేస్తే ఈ కోత అంతా పోతుంది. ఏ వైరు వేయాలన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. నా మట్టుకు నేను ముందు అడిగే ప్రశ్న ఏది వేగం అని కాదు, మీ గోడలో ఏ పైపు ఖాళీగా ఉంది అని.

ఈథర్నెట్: వీలైతే ఇదే

కాపర్ ఈథర్నెట్ వైరుకి పోటీ లేదు. క్యాట్ 5ఇ వైరు మీద 1 గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) 100 మీటర్ల దాకా వెళుతుంది. 2016లో వచ్చిన ప్రమాణం ప్రకారం అదే వైరు మీద 2.5 గిగాబిట్ కూడా నడుస్తుంది. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ సుమారు 55 మీటర్ల దాకా వెళ్తుంది. మన ఇళ్లలో కింది నుంచి పైకి మహా అయితే పాతిక మీటర్లు. అందుకే క్యాట్ 7, క్యాట్ 8 అంటూ ఆన్‌లైన్‌లో మెరిసే వైర్ల జోలికి వెళ్లకండి. మామూలు క్యాట్ 6 చాలు.

చూడాల్సింది లోపలి లోహం. చవక వైర్లలో అల్యూమినియం తీగకి పైపైన రాగి పూత ఉంటుంది, సీసీఏ అంటారు. ఒక తీగ తొడుగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. అది పెళుసు కాబట్టి పైపులో లాగేటప్పుడే లోపల తెగొచ్చు. వైరు మీదుగా కరెంటు కూడా పంపాలనుకుంటే అసలే పనికిరాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో లాగా మీటరు లెక్కన కోసి ఇచ్చే కొట్లో కొంటే, డబ్బులిచ్చే ముందే ఒక ముక్క గీకి చూడొచ్చు. 305 మీటర్ల బాక్సు మొత్తం మీకు అక్కర్లేదు.

ఇక వైరు వెళ్లే దారి. గోడలు పగలగొట్టాలేమో అని చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. నేనూ వేశాను. తర్వాత గుర్తొచ్చింది, మా పై గదిలో ఒకప్పుడు టీవీ ఉండేది. దాని కోసం కట్టుబడి రోజుల్లోనే స్లాబులో పైపు వేయించాం. టీవీ పోయి ఏళ్లయినా పాత డిష్ వైరు ఆ పైపులో అలాగే ఉంది. గత పాతికేళ్లలో కట్టిన ఇళ్లలో ఎక్కువ శాతం కన్సీల్డ్ వైరింగే కాబట్టి టీవీకో, ల్యాండ్‌లైన్ ఫోన్‌కో, కాలింగ్ బెల్‌కో వేసిన పైపు ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ప్లేటు తెరిచి చూడండి.

మా ఎలక్ట్రీషియన్ని బాబాయ్ అంటాను, యాభై దాటినాయన. పైపులోకి టార్చి వేసి చూసి, "ఇందులో రెండోది పట్టదు బాబూ. ఉన్నదాన్నే లాగేద్దాం, దాని తోకకి నీది కట్టి" అన్నాడు. పాత వైరు చివర రాగి తీగ బయటికి తీసి, దానికి కొత్త వైరులోని తీగల్ని మెలిపెట్టి, పైన ఇన్సులేషన్ టేపు కిందికి సన్నబడేలా చుట్టాడు. ముడి లావుగా ఉంటే బెండు దగ్గర ఇరుక్కుంటుందట. పైనుంచి నేను తోస్తున్నాను, కింద ఆయన లాగుతున్నాడు. సగంలో ఆగిపోయింది. "పౌడర్ డబ్బా తే" అన్నాడు. ముఖానికి రాసుకునే పౌడరే. వైరుకి పట్టించి రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించాక జారింది. మొత్తం అరగంట. గోడకి ఒక్క గీత పడలేదు.

రెండు జాగ్రత్తలు. జాక్ కొట్టిన రెడీమేడ్ వైరు పైపులో దూరదు. ఖాళీ వైరు లాగాకే రెండు చివర్లా క్రింప్ చేయించాలి, అంటే జాక్ కొట్టించాలి. రెండోది, 230 వోల్టుల కరెంటు తీగలున్న పైపులో దీన్ని కలపకండి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అన్నా సరే వద్దు. సిగ్నల్ పాడవడం అటుంచి, ఎప్పుడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ కరెంటు మీ ల్యాప్‌టాప్ దాకా వస్తుంది.

పైపే లేకపోతే బయటి నుంచి కిటికీ సన్‌షేడ్ మీదుగానో, లోపల మెట్ల అంచు వెంట పీవీసీ కేసింగ్‌లోనో పోనివ్వాలి. అందంగా ఉండదు. పని మాత్రం పూర్తిగా చేస్తుంది. అద్దె ఇంట్లో మేకు కొట్టడానికే ఓనర్ ఒప్పుకోకపోతే బల్లపరుపుగా ఉండే ఫ్లాట్ క్యాట్ 6 వైరు గోడ వారన, తలుపు కింది సందులోంచి వెళ్లిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు చుట్టి పట్టుకెళ్లొచ్చు.

94 అనే అంకె

వైరు లాగిన సాయంత్రం పైన స్పీడ్ టెస్ట్ పెట్టాను. 94. మళ్లీ పెట్టాను, 94. ఉదయం 93.8. వైఫై అయితే ఇంత నిలకడగా ఒకే అంకె దగ్గర ఆగదు. ఇలా 94 దగ్గర కూర్చుందంటే, దారిలో ఎక్కడో లంకె గిగాబిట్‌లో కాక 100 ఎంబీపీఎస్‌లో పడిందని అర్థం.

కారణాలు మూడు ఉంటాయి. వైరులో నాలుగు జతల తీగలున్నా 100 ఎంబీపీఎస్‌కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కి నీలం, గోధుమ రంగు జతలు కూడా కావాలి. మా ఇంట్లో జరిగింది అదే. కింది జాక్‌లో గోధుమ తీగ చివరిదాకా చేరలేదు, పారదర్శకమైన ప్లాస్టిక్ లోంచి చూస్తే ఒక మిల్లీమీటరు తక్కువ. కోసి మళ్లీ కొట్టిస్తే 190 దాటింది. క్రింప్ చేసిన అబ్బాయికి టెస్టర్ ఉందా అని ముందే అడగాల్సింది. ఎనిమిది లైట్లూ వరసగా వెలగాలి.

రెండో కారణం మోడెం. కొన్ని ఫైబర్ మోడెంలలో నాలుగు ల్యాన్ పోర్టులున్నా ఒక్కటే గిగాబిట్, మిగతావి 100. పక్కన ముద్రించింది చదివి సరైన దాంట్లో గుచ్చండి. మూడోది మెష్ డబ్బాయే. టీపీ-లింక్ డెకో ఈ4 లాంటి చవక మోడళ్లకి పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి. డెకో ఎం4కి గిగాబిట్ పోర్టులున్నాయి. పేర్లు దాదాపు ఒకటే, తేడా పదింతలు. గూగుల్ 2019లో తెచ్చిన నెస్ట్ వైఫైలో పాయింట్ అనే చిన్న డబ్బాకి అసలు ఈథర్నెట్ పోర్టే లేదు, దానికి వైరు వేద్దామన్నా వేయలేరు. తర్వాత వచ్చిన నెస్ట్ వైఫై ప్రోలో ప్రతి డబ్బాకీ పోర్టులున్నాయి. కాబట్టి మెష్ కొనేటప్పుడు వైఫై 6 అని ముందు రాసిన అక్షరాలకంటే ముందు అట్టపెట్టె తిప్పి వెనక పోర్టుల సంగతి చదవండి.

ఏది ఎక్కడ గుచ్చాలి

వైరు వేసినా చాలామంది దెబ్బతినేది ఇక్కడ. మోడెంకి నాలుగు పోర్టులున్నాయి కదా అని హాల్లోని మెష్ డబ్బానీ, పైనుంచి వచ్చిన వైరునీ రెంటినీ మోడెంలోనే గుచ్చేస్తారు. మెష్ రౌటర్ మోడ్‌లో ఉంటే, అంటే ఇంట్లోని పరికరాలకి అడ్రసులిచ్చే పని మెష్‌దే అయితే, ఇది తప్పు. ఆ మోడ్‌లో మెయిన్ డబ్బాకి ఒక వైపు మోడెం ఉండాలి, మిగతా డబ్బాలన్నీ దాని రెండో వైపు ఉండాలి. అంటే పైనుంచి వచ్చిన వైరు మెయిన్ డబ్బాలోకే పోవాలి. పోర్టులు చాలకపోతే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక నెట్‌వర్క్ వైరుని పలు పోర్టులకి పంచే డబ్బా) ఒకటి మెయిన్ డబ్బా తర్వాత పెట్టాలి. ఇంకో మెష్ డబ్బా ధరతో పోలిస్తే స్విచ్ ఖర్చు చాలా తక్కువ.

నేను మాత్రం యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టమంటాను. అప్పుడు ఐపీ అడ్రసులిచ్చే పని మోడెందే, మెష్ కేవలం వైఫై ఇస్తుంది. వైర్లన్నీ మోడెంలోనో, దాని తర్వాతి స్విచ్‌లోనో ఎలా గుచ్చినా చెల్లుతుంది. మోడెంకి తగిలించిన ల్యాండ్‌లైన్, టీవీ బాక్సు చెక్కుచెదరవు. రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడితే వచ్చే డబుల్ న్యాట్ గొడవ, అంటే ఆటలు, సీసీ కెమెరాలు బయటినుంచి అందకపోవడం కూడా తగ్గుతుంది. మోడెం సొంత వైఫైని ఆపేయడం మర్చిపోకండి. పోగొట్టుకునేది మెష్ యాప్‌లో పిల్లల టైమ్ కంట్రోల్ లాంటివి. అవి కావాలంటే రౌటర్ మోడ్‌లోనే ఉంచండి. గూగుల్ నెస్ట్ వైఫైకి ఈ దారి లేదు, డబ్బాలు ఒకటికి మించితే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (యాక్సెస్ పాయింట్ మోడ్‌కి గూగుల్ పెట్టిన పేరు) పెట్టడం కుదరదు. మోడెంకీ మిగతా డబ్బాలకీ మధ్యలో మెయిన్ డబ్బా ఉండాల్సిందే.

కొత్త డబ్బాని ముందు మెయిన్ దాని పక్కనే పెట్టి వైఫైలోనే యాప్‌కి కలపండి. తర్వాత పైకి తీసుకెళ్లి వైరు గుచ్చండి. యాప్‌లో దాని పేరు కింద ఈథర్నెట్ అని రావాలి. రాకపోతే మధ్యలో స్విచ్ తీసేసి నేరుగా గుచ్చి చూడండి. మెష్ డబ్బాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి పంపుకునే ప్యాకెట్లను కొన్ని స్విచ్‌లు ముందుకు పంపవు.

టీవీ కేబుల్: అమెరికాలో ఉన్నవారికి

ఇంటర్నెట్‌లో ఏ ఇంగ్లిష్ సలహా చదివినా మోకా అడాప్టర్లు కొనమంటారు. టీవీ కోయాక్స్ వైరు మీద నెట్‌వర్క్ నడిపే పద్ధతి అది. మోకా 2.5 అయితే 2.5 గిగాబిట్ దాకా వెళుతుంది, స్పందనా బాగుంటుంది. అమెరికాలో చాలా ఇళ్లలో గదిగదికీ కోయాక్స్ సాకెట్టు ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు తీసుకున్న మన పిల్లలకి గోడ పగలగొట్టే పని లేకుండా ఇదే మొదటి మాట. సిగ్నల్ పక్కింటికి పోకుండా ఇంట్లోకి కేబుల్ వచ్చే చోట ఒక ఫిల్టర్ బిగించడం మరవకూడదు, అంతే.

ఇక్కడ కథ వేరు. అడాప్టర్లు బజార్లో కనపడవు. పైగా ఇంట్లో డీటీహెచ్ ఉంటే, గొడుగు నుంచి బాక్సుకి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. మోకా వాడేది 1125 నుంచి 1675. రెండూ ఒకే రోడ్డు మీద ఎదురెదురు. ఒకే వైరు మీద రెండూ నడవవు. నా మాట వింటే ఆ కోయాక్స్ వైరుని వాడాల్సిన విధం మా బాబాయ్ చూపించిందే, క్యాట్ 6 వైరుని పైపులోకి లాగే తాడుగా.

కరెంటు తీగల మీద

ఇంటి కరెంటు తీగల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ ఒకటి కింద సాకెట్లో, ఒకటి పైన సాకెట్లో. కొత్త వైరు లేదు, గోడ పగలదు. వినడానికి ఎంత బాగుందో. పెట్టె మీద 1000, 1300 అని వేస్తారు కానీ ఇంట్లో చేతికొచ్చేది అందులో చిన్న భాగమే. మంచి వైరింగ్‌లో వంద దాటొచ్చు, పాత వైరింగ్‌లో ముప్పైకి పడొచ్చు. మిక్సీ వేస్తే ఇంకోలా ఉంటుంది.

మన దగ్గర దీనికి ఇంకో రెండు గండాలు. త్రీఫేజ్ మీటరున్న ఇళ్లలో కింది అంతస్తు ఒక ఫేజ్ మీద, పైది ఇంకో ఫేజ్ మీద ఉండడం మామూలు. రెండు అడాప్టర్లు వేరు వేరు ఫేజ్‌ల మీద పడితే సిగ్నల్ బాగా నీరసపడుతుంది, ఒక్కోసారి కలవనే కలవవు. రెండోది ఇన్వర్టర్. ఒక సాకెట్ ఇన్వర్టర్ లైన్‌లో, ఇంకోటి నేరు లైన్‌లో ఉంటే, మామూలప్పుడు పనిచేసింది కూడా కరెంటు పోగానే తెగుతుంది. స్పైక్ గార్డులో గుచ్చినా అది సిగ్నల్‌ని మింగేస్తుంది, గోడ సాకెట్లోనే పెట్టాలి.

కొనకండి అనను. తిరిగి తీసుకునే షరతు మీద కొనండి. పై గదిలో మీకు కావల్సింది ఒక టీవీ, ఒక వీడియో కాల్ అయితే నిలకడగా వచ్చే 60 ఎంబీపీఎస్ కూడా ఊగిసలాడే 150 కంటే మేలే.

పక్క ఇంటికి, తోటలోకి ఫైబర్

ఒకే ప్రహరీలో అన్నదమ్ముల రెండు ఇళ్లు, లేదా ఇంటికి దూరంగా పశువుల షెడ్డు దగ్గర కెమెరా. దూరం 100 మీటర్లు దాటితే రాగి వైరు కుదరదు, దాటకపోయినా ఆరుబయట గాలిలో రాగి వైరు కట్టొద్దంటాను. కారణం పిడుగులు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆ వైరు మీద పుట్టే వోల్టేజి రెండు వైపులా పోర్టుల్ని కాల్చేస్తుంది.

దీనికి మార్గం గిగాబిట్ మీడియా కన్వర్టర్ల (ఈథర్నెట్ వైరుని ఫైబర్‌కి కలిపే డబ్బాలు) జత, మధ్యలో సింగిల్ మోడ్ ఫైబర్. ఒకే తీగ మీద పంపే రకమైతే ఒకటి 1310, ఇంకోటి 1550 నానోమీటర్లని రాసి ఉన్న జతే కొనాలి, రెండూ ఒకే రకమైతే మాట్లాడుకోవు. కనెక్టర్ రంగు చూసుకోండి: ఇంటర్నెట్ వాళ్లు వాడే ఆకుపచ్చది కన్వర్టర్‌కి ఉండే నీలం దాంట్లో దూరుతుంది కానీ సరిగ్గా ఆనదు. స్తంభాల మీంచి వచ్చే నల్లటి డ్రాప్ కేబుల్‌లో బరువు ఆపడానికి స్టీలు తీగ ఒకటుంటుంది, ఇంట్లోకి వచ్చే ముందే దాన్ని కత్తిరించి వేరు చేయించండి. లేకపోతే పిడుగు భయంతో ఫైబర్ వేసి, ఇనుప తీగని ఇంట్లోకి తెచ్చుకున్నట్టే. అతికించే పని మీ ఊరి కేబుల్ అబ్బాయికి కొట్టిన పిండి.

కరెంటు పోతే

వైరుకి ఉన్న ఇంకో లాభం గురించి ఎవరూ చెప్పరు. కరెంటు పోయినప్పుడు హాల్లో మోడెం ఇన్వర్టర్ మీద బతికినా, పై గదిలో డబ్బా ఆరిపోతే ఫలితం సున్నా. పై అంతస్తులో ఇన్వర్టర్ లైన్ లేకపోతే రెండు దారులు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి డబ్బా పక్కన పెట్టడం. డబ్బా అడాప్టర్ మీద వోల్టు, ఆంపియర్లు చదివి దానికి సరిపోయేదే తీసుకోవాలి. లేదా మెష్ బదులు పైకప్పుకి బిగించే యాక్సెస్ పాయింట్లు. టీపీ-లింక్ ఒమాడా, యూబిక్విటీ యూనిఫై లాంటి రకాలకి ఈథర్నెట్ వైరులోంచే కరెంటు వెళుతుంది. కింద అలా కరెంటు పంపే ఒక్క పీఓఈ స్విచ్‌ని ఇన్వర్టర్ మీద పెడితే ఇల్లంతా బతికే ఉంటుంది. ఇల్లు ఇప్పుడే కడుతున్నవారికి నా ఓటు దీనికే. స్లాబు వేసే ముందు ప్రతి అంతస్తు సీలింగ్ మధ్యకి ఒక 25 మిల్లీమీటర్ల పైపు వేయించండి, లోపల లాగే తీగ వదిలేయండి.

ఇంకో మాట, డబ్బు తక్కువలో తేలాలంటే. పైకి వైరు వచ్చాక అక్కడ మెష్ డబ్బాయే ఉండాలని లేదు. అటక మీద పాత రౌటర్ ఉంటే దాని అడ్రసు మెయిన్ దానితో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులిచ్చే పని) ఆపేసి, వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందిదానికి సరిపోల్చి, వైరుని ల్యాన్ పోర్టులో గుచ్చండి. మెట్లెక్కుతూ ఫోన్ మాట్లాడేటప్పుడు ఒక క్షణం తడబడొచ్చు, కూర్చుని పని చేసేవాళ్లకి తేడా తెలియదు. మెష్ డబ్బాలు ఇప్పటికే మూడు కొనేసిన నాలాంటివాళ్లైతే, మెట్ల మలుపులో పెట్టిన మూడోదాన్ని తీసేయడమే మంచిది. నాది ఇప్పుడు మా చెల్లెలి ఇంట్లో ఉంది, దానికీ వైరు వేశాం.

కొట్టుకి వెళ్లే ముందు ఒక పురికొస తాడు తీసుకుని మోడెం నుంచి పైపు నోటి దాకా, పైపు వెళ్లే దారి పక్కనే గోడ మీద, పైన డబ్బా పెట్టే చోటు దాకా ఆనించి కొలవండి. దానికి రెండు చివర్లా మీటరున్నర చొప్పున కలపండి. మొదటి క్రింప్ తప్పితే కోసి మళ్లీ కొట్టడానికి ఆ వైరే దిక్కు.